జాగా రాయని దరఖాస్తు

అప్పుడు నాకు అక్షరం రాదు. మా మాదిగవాడకు బావి కోసం ఎవరితోనో రాయించిన దరఖాస్తు పట్టుకుని కట్టంగూర్‌లో నల్గొండ బస్సెక్కాను. పక్కన తెల్లచీరలో కూర్చున్న దవాఖానా నర్సమ్మను చదివిపెట్టమన్నాను.

"ఊరికి బావి కావాలని రాసిండ్రు. ఏడ తవ్వాలె తమ్మీ?"

"గది సర్కారుకు తెల్వదా నర్సమ్మా?"

"తెల్వదు. ఊరి నడుమ తవ్విపోతరు. ఆడ నిన్ను చేద వెయ్యనిస్తరా?"

అంతకుముందు సర్కారు తవ్విన బావి ఊళ్లోనే పడింది. ఎవరైనా నీళ్లు పోస్తారేమోనని మా ఆడవాళ్లు దూరంగా కుండలు పెట్టుకుని నిలబడేవారు.

ఆమె కాగితం తిరగేసి నా చేతికి పెన్సిల్ ఇచ్చింది. "రాసుడు రాకుంటే గియ్యి. మీ గుడిసెలేడున్నయి, బావేడ పడాలె?"

గీస్తుంటే నవ్వింది. "పెన్సిల్‌ను గడ్డపార లెక్క పట్టుకున్నవేంది!"

ఆమె దిగిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

ఆఫీసులో సారు నా గీతలను ఊరి నక్షా పక్కన పెట్టి చూశాడు. నక్షాలో ఆ చోటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఇండ్లున్నాయా?"

"మా తాత పుట్టింది గాడనే సారూ."

ఆయన కలంతో అక్కడ బావి గుర్తుగా సున్నా చుట్టాడు. మరుసటి ఎండాకాలం మా ఆడవాళ్లు ఎవరినీ అడగకుండా నీళ్లు చేదుకున్నారు.