పద్దెనిమిదో నెల

పోయిన శనివారం మా చెల్లెలి కూతురు లా కాలేజీ పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని నేపర్‌విల్‌లోని మా ఇంటికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ప్రభుత్వ ఆఫీసులు ఇచ్చిన నిర్ణయాలను ఫెడరల్ అప్పీల్ కోర్టులు ఎంతవరకు తిరిగి చూడవచ్చు అనే పాఠం చదువుకుంటూ ఉంది. నేను కరివేపాకు దూస్తున్నాను. ఉన్నట్టుండి తల ఎత్తింది.

"పెద్దమ్మా, ఇది సూపర్ వియర్డ్. కోర్ట్ కొత్త ఎవిడెన్స్ చూడదంట. జస్ట్ ఆఫీస్ వాళ్ళ ఫైల్ చదివి, రాంగ్ అయితే సెండ్ బ్యాక్ చేస్తారంట. దాన్ని విన్ అంటారా అసలు?"

అంటారమ్మా, నీకు మూడేళ్ళప్పుడు మీ అమ్మ విషయంలో అలాగే గెలిచాం అన్నాను. పిల్ల పెన్ను కింద పెట్టేసింది. ఆ సంగతి దానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదని అప్పుడే నాకు తెలిసింది. దానికి చెప్పినదే, నా ఈడు వాళ్ళకు కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను.

అప్పట్లో నేను ఒక హాస్పిటల్ రికార్డుల విభాగంలో పనిచేసేదాన్ని. ఆ పనిలో నాకు మొదటి వారంలోనే నేర్పిన సూత్రం ఒకటే: కాగితం మీద ఉన్న అంకెను ముట్టుకోకూడదు, తప్పని తోచినా సరే, ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి. పంతొమ్మిదేళ్ళలో నేను మార్చిన అంకె ఒక్కటి లేదు. ఈ మాట గర్వంగా చెప్పుకొనే అలవాటు నాకు ఉండేది. ఆ గర్వం వల్లే మా చెల్లెలి కాపురం నడిరోడ్డు మీదికి రాబోయింది.

మా నాన్నగారికి గ్రీన్‌కార్డు ఉండేది. ఆయనకు పెళ్ళికాని కూతురు అన్న హోదాలో మా చెల్లెలు ఒక ఆగస్టు నెలలో ఈ దేశంలో దిగింది. ఆ వీసాకు షరతు ఏమిటంటే, ఇక్కడ కాలు పెట్టే నాటికి పెళ్ళి అయి ఉండకూడదు. అది దిగిన తర్వాత, నవంబరు అయిదో తారీఖున, ఇండియా వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చింది. అంతా సక్రమమే. అయిదేళ్ళ తర్వాత సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు, తెలుగులో ఉన్న పెళ్ళి సర్టిఫికెట్‌ను ఇంగ్లీషులోకి మార్చి, ఇది యథాతథమని సంతకం పెట్టి ఇచ్చింది నేను. అందులో పెళ్ళి తేదీ 05-11 అని ఉంది. నేనూ 05-11 అనే రాశాను. మన దేశంలో తారీఖు ముందు, నెల తర్వాత రాస్తారని, ఇక్కడ నెల ముందు రాస్తారని నాకు తెలియదా? రోజూ నా చేతి కింద వందల తేదీలు నడిచేవి. అయినా అంకెను ముట్టుకోకూడదనే సూత్రం నా వేళ్ళలో ఇంకిపోయి ఉంది కాబట్టి, పక్కన నవంబరు అని ఒక్క మాట చేర్చలేదు.

ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్ళు దాన్ని మే పదకొండు అని చదివారు. మేలో పెళ్ళి, ఆగస్టులో పెళ్ళికాని కూతురుగా రాక, అంటే అబద్ధం చెప్పి వచ్చిందని లెక్క తేలింది. సిటిజన్‌షిప్ మాట అటుంచి, దేశం నుంచి పంపించే కేసు పెట్టారు. మా దేశంలో తేదీ అలా రాస్తారండీ అని చెల్లెలు మొదటి విచారణలోనే చెప్పింది. ఆ లాయరు ఆ మాట పట్టించుకోలేదు, విచారించిన అధికారి నమ్మలేదు. ఇమిగ్రేషన్ కేసుల అప్పీళ్ళు వినే పై బోర్డుకు పెట్టుకుంటే రెండు పేజీల కాగితం వచ్చింది. ఆమె చెప్పే వివరణకు రికార్డులో ఎలాంటి ఆధారమూ లేదు అన్నది అందులో ముఖ్యమైన వాక్యం.

ఆ కాగితం మా ఇంటికి చేరేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. అప్పీల్ కోర్టుకు వెళ్ళడానికి ముప్పై రోజులే గడువు, అది కూడా బోర్డు నిర్ణయం తేదీ నుంచే గాని మన చేతికి అందిన రోజు నుంచి కాదు. నేను ఫ్రిజ్ తలుపు మీద ఇరవై ఒక్క గళ్ళు గీసి అంటించాను. ఆరో గడిలో కొత్త లాయరు దొరికారు, నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన. పదిహేడో గడిలో ఆయన అర్జీ దాఖలు చేశారు, కేసు తేలేదాకా మా చెల్లెల్ని పంపించకుండా కోర్టు చేత ఆపించారు కూడా.

ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు మా అమ్మ బీరువా అడుగు నుంచి శుభలేఖ తీసి తెచ్చింది. కార్తీక మాసం అని పసుపు అంచు మీద స్పష్టంగా ఉంది. మే నెలలో కార్తీకం ఎక్కడ వస్తుంది? నేను కూడా, ఆ అనువాదం నాదేనని, ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెబుతానని అన్నాను. ఆయన శుభలేఖను రెండు చేతులతో తీసుకుని చూసి, చాలా అందంగా ఉందని మెచ్చుకుని, తిరిగి అమ్మ ఒడిలో పెట్టారు. అప్పీల్ కోర్టు కొత్త కాగితం చూడదట, కొత్త సాక్షిని వినదట. కింది ఆఫీసు ముందు ఏ కాగితాలు ఉన్నాయో అవే చూస్తుంది, ఆ కాగితాలను వాళ్ళు సరిగ్గా చదివారా, రాసిన కారణం ఆ కాగితాలతో పొసుగుతోందా అని మాత్రమే అడుగుతుంది.

ఇంటికి తిరిగి రావడానికి రైలెక్కాక అమ్మ ఊరుకోలేదు. "పెళ్ళి చేసినదాన్ని నేను బతికే ఉన్నానుగా! నన్నడగకుండా ఆ ఫైలునడుగుతారుటే? ఇదేం కోర్టే తల్లీ, పెళ్ళికూతురి తల్లిని బయట నిలబెట్టి పుస్తకం చూసి ముహూర్తం చెప్పినట్టుంది!"

ఆవిడ గొంతుకు పై సీట్లలో కూర్చున్న వాళ్ళంతా తొంగి చూశారు. రెండంతస్తుల రైలు కదా, పైనుంచి మనల్ని ఎవరు చూస్తున్నారో తెలియదు. నాకు నవ్వు రాలేదు. తప్పు రాసిన చెయ్యి నాది, దిద్దే వీలు నాకు లేదు.

ఇక మిగిలింది ఆ రికార్డే. మూడు వందల పద్దెనిమిది పేజీలు. లాయరు గారి దగ్గర నకలు తీసుకుని, మూడు ఆదివారాలు, పంక్తి కింద స్కేలు పెట్టి చదివాను. అరవై ఒకటో పేజీలో చెల్లెలు చెప్పిన మాట అక్షరాలా ఉంది. నూట నలభై మూడో పేజీలో నా అనువాదం ఉంది, నా సంతకంతో. సర్టిఫికెట్ వెనకవైపు రిజిస్ట్రారు వేసిన ముద్రను, అందులో చేత్తో రాసిన తేదీని కూడా నేను వదలకుండా అనువదించి, అడుగున రాశాను. పెళ్ళి రిజిస్టరు చేసిన తేదీ: 18-11.

స్కేలు అక్కడే ఆగిపోయింది. అదే కాగితం, అదే ఆఫీసు, అదే చేతిరాత. నెల ముందు రాసే ఆఫీసే అయితే పద్దెనిమిదో నెల ఎక్కడినుంచి వచ్చింది? ఆధారం లేదన్న వాళ్ళ చేతుల్లోనే ఆ ఆధారం మూడేళ్ళుగా ఉంది. నేను లాయరు గారికి ఫోన్ చేసి పేజీ నంబరు చెప్పాను. అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

వాదన రోజున అమ్మ పట్టుచీర మీద చలికోటు వేసుకుంది, చెల్లెలు, మా మరిది, నేను వెనక బెంచీలో కూర్చున్నాం. ముగ్గురు జడ్జీలు, ఒక్కొక్క వైపుకు పదిహేను నిమిషాలు. ఎదుటి వైపు కుర్రలాయరు మర్యాదస్థుడే. అనువాదకురాలు యథాతథమని సంతకం పెట్టింది కాబట్టి దానిని నమ్మడంలో తప్పు లేదన్నాడు. ఆ అంకె రాసి సంతకం పెట్టినదాన్ని నేనే, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను, అయినా నా నోటికి అక్కడ చోటు లేదు. అప్పుడు మధ్యలో కూర్చున్న జడ్జి గారు, పెద్దావిడ, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, నూట నలభై మూడో పేజీ తియ్యండి అన్నారు. కుర్రలాయరు తీశాడు.

"అడుగున ఉన్న తేదీ చూశారా? ఈ పద్దెనిమిదో నెల ఏ ఋతువులో వస్తుందో కాస్త చెబుతారా?"

గదిలో నవ్వులు. ఆ కుర్రవాడు కూడా నవ్వేశాడు, పాపం, ఇంకేం చెయ్యగలడు. బోర్డు ఆ సంగతి ప్రస్తావించలేదని ఒప్పుకున్నాడు. అమ్మ నా మోచేతిని గిల్లి, "ఏమందే ఆవిడ? ఎందుకే నవ్వుతున్నారు, మనమీదేనా?" అంది. మనమీద కాదమ్మా అన్నాను.

ఏడు వారాల రెండు రోజులకు తీర్పు వచ్చింది, తొమ్మిది పేజీలు. నా చెల్లెలు ఉండవచ్చు అని అందులో ఎక్కడా లేదు. బోర్డు తన ముందున్న కాగితాన్నే చూడకుండా ఆధారం లేదని రాసింది కాబట్టి ఆ నిర్ణయాన్ని కొట్టివేస్తున్నాం, మళ్ళీ చూసి, కారణాలతో రాయండి అని ఉంది. ఆరో పేజీలో ఇంకొక వాక్యం ఉంది. అనువాదంలో దోషం లేదు, అనువదించినామె మూలంలో ఉన్నదంతా ఉన్నట్టే ఇచ్చింది, చదవవలసిన వారే పేజీ అడుగు దాకా చదవలేదు. ఆ వాక్యాన్ని నిలబడి చదివి, కూర్చుని మళ్ళీ చదివాను.

అమ్మకు మాత్రం ఓపిక లేదు. "గెలిచామా లేదా, అది చెప్పవే ముందు!"

"మళ్ళీ చూడమన్నారమ్మా."

"చూస్తే కనబడుతుందిగా! మరి గెలిచినట్టేగా. దానికి తొమ్మిది పేజీలెందుకూ?"

ఆవిడ మాటే నిజమైంది. వాళ్ళు మళ్ళీ చూశారు, కనబడింది. నాలుగు నెలల తర్వాత ఒకే ఒక పేరాగ్రాఫుతో కేసు మూసేశారు. మరుసటి ఏడాది మా చెల్లెలు సిటిజన్ అయింది. ఈ కథ విని మొన్న మా పిల్ల, "సో అమ్మమ్మ వన్ లైన్‌లో చెప్పిందే ఈ చాప్టర్ మొత్తం," అంది. నిజమే. అమ్మే ఇప్పుడు లేదు.

కొత్త కాగితం చూడని ఆ కోర్టు మీద అప్పుడు నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. ప్రతి మెట్టు మీదా ఎవరి బీరువా వాళ్ళు తెరుస్తూ పోతే ఏ కేసూ తెమలదు. పైగా, తన సొంత ఫైలును తను చదవమని ఒక పెద్ద ఆఫీసుకు చెప్పగలిగినవాళ్ళు ఒకరు ఉండటం చిన్న విషయం కాదు.

అప్పీల్ కోర్టుకు వెళ్ళినప్పటి నుంచి ఆ కేసు నడిచిన పదహారు నెలలూ మా చెల్లెలు వారానికి నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండేది. ఎప్పుడు పంపేస్తారో, మళ్ళీ ఎప్పుడు చూస్తామో అని, పని ఉన్నా లేకపోయినా వచ్చి, వంట చేసి, పిల్లను నా మంచం మీదే నిద్రపుచ్చేది. ఇప్పుడు మా చెల్లెల్ని ఎవరూ ఎక్కడికీ పంపలేరు. కారులో పద్నాలుగు నిమిషాల దూరంలో ఉంది, సొంత ఇల్లు, పెరట్లో బెండ మొక్కలు. పనులుంటాయి కదా, నెలకు ఒకసారి వస్తుంది. నేను సంతోషంగానే ఉన్నాను. ఎన్నిసార్లు లెక్క చూసుకున్నా, మేం అంత ఎక్కువగా కలిసి ఉన్నది ఆ పదహారు నెలలే.