శుభ్రం చేసిన పాపం

వీధి వీధంతా ఆమెను లాండ్రీ అక్క అనే పిలిచేది. పదకొండేళ్ళుగా ఒక్క వాయిదా తప్పకుండా షాపుకు ఇన్సూరెన్స్ కట్టింది. మాట మీద నిలబడే మనిషి. ఎదుటివాడూ అలాగే నిలబడతాడనుకోవడం ఒక్కటే ఆవిడకున్న పిచ్చి.

ఒక వానకు మురుగు కాలువ పొంగి షాపులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. ఉతికే మిషను, ఆరబెట్టే మిషను, రెండింటి మోటార్లూ పోయాయి. ఇన్సూరెన్స్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"నష్టం ఇంకా పెరక్కుండా మీరే చూసుకోవాలమ్మా. మా సర్వేయరు మూడు రోజుల్లో వస్తాడు" అన్నారు.

మూడు రోజులు కాదు, వారం గడిచినా నరపురుగు కూడా రాలేదు. మురుగులో నానిన బట్టలు కంపు కొడుతున్నాయి. అవేమైనా తన బట్టలా? పసిపిల్లల దుప్పట్లు, నర్సమ్మల యూనిఫాంలు, జనం నమ్మి ఇచ్చినవి. కంటి ముందు మురికి ఉంటే అన్నం సహించని మనిషి ఎంతకని ఓర్చుకుంటుంది? ఇంట్లో బకెట్లు పెట్టుకుని, భర్తా తనూ అరచేతులు పగిలేలా ఉతికి, ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. తర్వాత షాపు గోడలు కడిగింది. మిషన్ల లోపలి బురదంతా పాత టూత్‌బ్రష్షుతో గీకి తీసింది.

సర్వేయరుగారు తీరుబడిగా పంతొమ్మిదో రోజున వేంచేశారు. తళతళలాడే నేలను చూసి, "ఇక్కడేం నష్టం జరిగిందమ్మా?" అన్నారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఆధారాలు చెరిపేసింది పాలసీదారే, మోటార్లు పాతబడి పోయి ఉండవచ్చు, కాబట్టి పైసా రాదు. అవతల, షాపు అద్దెకిచ్చిన యజమాని నెలాఖరులోగా తెరుస్తావా, ఖాళీ చేస్తావా అంటున్నాడు. ఆవిడ కాళ్ళరిగేలా ఆ ఆఫీసు మెట్లెక్కి దిగింది. చివరికి మేనేజరు దర్శనమిచ్చాడు.

"మీవాళ్ళే కదండీ నష్టం పెరక్కుండా చూసుకోమన్నది?"

"ఆ ఫోన్‌కి మా దగ్గర రికార్డు లేదమ్మా."

భర్త సెల్‌ఫోన్‌లో తీసిన ఫొటోలు చూపించింది. మేనేజరు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నీళ్ళు కనిపిస్తున్నాయి. మోటారు లోపలి భాగం కనిపించట్లేదు కదా. మీరు ముట్టుకోకుండా ఉండాల్సింది."

"పంతొమ్మిది రోజులు పసిపిల్లల దుప్పట్లు కుళ్ళబెట్టమంటారా, బాబూ?"

ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. వాడి ఫైళ్ళు తగలెయ్యా, తలెత్తి చూస్తే వాడి సొమ్మేం పోయింది? ఆవిడ కుర్చీ పట్టుకుని లేచింది.

నెలాఖరున మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. తాళం చెవి తీసుకోవడానికి వచ్చిన యజమాని గోడలు నిమిరి చూశాడు, మూలమూలా వాసన చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"ఇంత శుభ్రంగా అప్పగించినవాళ్ళు ఇంతవరకూ లేరమ్మా. రేపే వేరేవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు" అన్నాడు.

అన్నాళ్ళూ కన్నీటి చుక్క రాల్చని లాండ్రీ అక్క ఆ నేల మీదే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.