అక్కకు ఇవ్వాల్సిన ముక్క

లిఫ్టులు బాగుచేసే అతన్ని తోటి పనివాళ్ళంతా బక్కన్న అనేవారు. ఎంత తిన్నా ఒంటికి పట్టని మనిషి. లిఫ్టుకీ గోడకీ మధ్య ఇంకెవరూ పట్టని సందులో తనే దూరి పని ముగించుకొచ్చేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే, ఇరుగుపొరుగు బట్టలు కుట్టి అతన్ని పెంచింది అక్క. ఇప్పుడు ఆ అక్క కాలేయమే పాడైంది. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ ఒకటి చడీచప్పుడు లేకుండా దాన్ని తినేసింది. కళ్ళు పచ్చబడ్డాయి, కడుపులో నీరు చేరింది. ఎవరైనా తమ కాలేయంలోంచి ముక్క ఇస్తే తప్ప లాభం లేదన్నారు. బావ రక్తం గ్రూపు కలవలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. బక్కన్నది కలిసింది.

"నాది తీసుకోండి," అన్నాడు, ఎవరూ అడగకముందే. "కోసింది మళ్ళీ పెరుగుతుందట, నీకెందుకు బెంగ?" అని భార్యకూ సర్దిచెప్పాడు.

స్కాన్ చేశాక డాక్టరమ్మ అతన్ని, బావను గదిలోకి పిలిచింది.

"మీరు తాగుతారా?"

"అప్పుడప్పుడూనండి."

"పోనీ, వారంలో ఏ రోజు తాగరో చెప్పండి."

బక్కన్న ఆలోచించాడు. అలాంటి రోజు ఒక్కటీ తగల్లేదు. పక్కన బావ గోడకేసి చూస్తూ దగ్గాడు. అక్క కుట్టు కొట్టు కట్టేసి వచ్చేలోపు, అక్కావాళ్ళ మేడమీద నీళ్ళ ట్యాంకు చాటున రోజూ సీసాతో కూర్చునేది వాళ్ళిద్దరే మరి.

"మీ కాలేయం నిండా కొవ్వుంది," అంది డాక్టరమ్మ.

అతనికి నవ్వొచ్చింది. "నాకా? కొవ్వా? నన్ను చూసే అంటున్నారా అండీ? నేను నూనె వస్తువులు కూడా ముట్టను."

"నూనెతో పనిలేదు. మద్యం ఒంట్లో పడగానే కాలేయం మిగతా పనులు పక్కనపెట్టి ముందు దాన్ని వదిలించుకోవాలని చూస్తుంది. ఆ కాసేపూ కొవ్వు ఖర్చయ్యే పని మందగిస్తుంది. పైగా ఆ మద్యం నుంచే కొత్త కొవ్వు తయారవుతుంది. రోజూ ఇదే వరసైతే అదంతా అక్కడే పేరుకుంటుంది. నొప్పి తెలియదు. పైకి మనిషి సన్నగానే ఉంటాడు."

"ఉంటే ఉందండి. కోసెయ్యండి."

"కుదరదు. కొవ్వు పట్టిన ముక్క ఆవిడ ఒంట్లో సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. మీకు మిగిలింది మీకు చాలకపోవచ్చు. ఇద్దరి ప్రాణాలకూ ముప్పు."

"మరి దారేంటండీ?"

"మానెయ్యండి. చుక్క కూడా వద్దు. చేతులు వణికినా, మనసు చెదిరినా వెంటనే ఇక్కడికి రండి, మందులున్నాయి. మానేస్తే కొన్ని వారాల్లోనే ఈ కొవ్వు చాలామందిలో తగ్గుతుంది. అప్పుడు మళ్ళీ స్కాన్ చేద్దాం."

"అప్పటిదాకా మా అక్క ఆగుతుందా?"

"ఆగేలా చూస్తాం. మాట మాత్రం ఇవ్వలేను."

తాగుడు సంగతి తెలియని అక్కతో, తమ్ముడికి ఇంకా ఏవో పరీక్షలు మిగిలాయని బావ చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. ఓ మధ్యాహ్నం తమ్ముణ్ణి మంచం దగ్గరికి పిలిచి, "భయమేసిందేంట్రా? చెప్పు, నేనేమీ అనుకోను. నీకూ పెళ్ళాం ఉంది," అంది. భయం లేదని చెప్పాలంటే ఆలస్యం ఎందుకో చెప్పాలి. ఆవిడ కాళ్ళమీద దుప్పటి సర్ది బయటికొచ్చేశాడు.

మొదటి రోజుల్లో చేతులు వణికి రెంచీ నిలిచేది కాదు. ఆసుపత్రికి పరుగెత్తి మందులు తెచ్చుకున్నాడు. మేస్త్రీ అతన్ని పైకి ఎక్కనివ్వకుండా కింద సామాను తుడిచే పనిలో పెట్టాడు. పగలు ఎలాగో గడిచిపోయేది. సాయంత్రమయ్యేసరికి తాగాలని నాలుక పీకేసేది, భార్య ఏమన్నా కస్సుమనేవాడు. ఆమె పడింది, ఊరుకుంది, ఒకరోజు మాత్రం కంచం ఎత్తి బల్లమీద కొట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఊరి చివరిదాకా నడిచి రావడం మొదలుపెట్టారు.

అంతలో అక్కకు మతి తప్పింది. తమ్ముణ్ణి చూసి, "ఎవరండీ మీరు? కొలతలివ్వడానికి వచ్చారా?" అంది. కాలేయం ఆపలేని విషం మెదడుకెక్కిందని చెప్పి ఐసీయూలోకి తీసుకెళ్ళారు.

ఆ సాయంత్రం బట్టలు తీసుకెళ్దామని అక్క ఇంటికి వెళ్తే, మేడమీద బావ ఉన్నాడు. ట్యాంకు పక్కన సీసా, రెండు గ్లాసులు.

"రా బక్కా. నావల్ల కావట్లేదు. ఇవాళ ఒక్కటే, తోడుగా కూర్చో."

కూర్చున్నాడు. వాసన తగలగానే నోట్లో నీళ్ళూరాయి. ఒక్క గ్లాసుకి ఏమవుతుంది? ఇన్ని రోజులు ఆగానుగా? చెయ్యి దానంతటదే వెళ్ళి గ్లాసు అందుకుంది. పెదవులదాకా వచ్చింది. అక్క అడిగిన మాట చెవిలో పడినట్టయింది: ఎవరండీ మీరు?

గ్లాసు కింద పెట్టేశాడు.

"బావా, ఇదిప్పుడు నా కాలేయం కాదు. తాగితే ఆవిడ ఒంట్లో పోసినట్టే."

బావ మొహం చేతులతో కప్పుకున్నాడు. "నాది ఎలాగూ పనికిరాలేదు. నీదీ పాడుచేద్దామని కూర్చున్నాను చూశావా," అంటూ ఏడ్చాడు. ఓదార్చేందుకు అక్కడ ఉంటే తన చెయ్యిమీద తనకే నమ్మకం లేదు. బట్టల సంచీ కూడా మరిచి మెట్లు దిగాడు. ఆసుపత్రి వరండాలో అక్క కోసం కాచుకుని ఉన్న భార్య పక్కన కూలబడి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఏమైంది?" అంటే, "వదలకు," అని మాత్రం అన్నాడు.

మళ్ళీ స్కాన్ తీసిన రోజు, డాక్టరమ్మ తెరను చూసింది, పాత బొమ్మ పక్కన పెట్టి చూసింది.

"చాలావరకు కరిగింది. ఇది సరిపోతుంది. రేపు ఉదయమే చేసేద్దాం."

సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాడు బక్కన్న.

ఆపరేషన్ ముగిశాక కూడా అక్క చాలా రోజులు ఊగిసలాడింది. మెల్లగా కళ్ళ పచ్చదనం తగ్గింది, మనుషుల్ని గుర్తుపట్టింది. బక్కన్న పొట్ట పట్టుకుని వంగి నడుస్తూ ఆవిడ గదికి వచ్చిన పూట, డాక్టరమ్మ మెచ్చుకోలుగా అంది: "మీ తమ్ముడు తాగుడు మాని, కొవ్వు కరిగించుకుని మరీ ఇచ్చాడమ్మా."

అక్క ముందు తమ్ముడివైపు చూసింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తున్న మొగుడివైపు.

"ఇద్దరూనా?"

బావ కిటికీ తెర సర్దడం మొదలుపెట్టాడు.

"నేను లేచి తిరగనీ, అప్పుడు చెప్తా మీ సంగతి," అంది. తర్వాత తమ్ముణ్ణి చూసి, "నిలబడ్డావేంరా, కుట్లు పిగిలిపోతాయి, కూర్చో," అంటూ తన మంచంమీదే కాస్త జరిగి చోటిచ్చింది.