హెలెన్ బోర్డు మీది ‘టర్బో’

మూడు షెడ్లవాళ్లు చేతులెత్తేసిన పలకల లారీని తర్లుపాడు రోడ్డు మీద నిండు లోడుతో మళ్లీ పరుగెత్తించడం హెలెన్ సాధించిన మొదటి విజయం. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఇంజను విప్పాలని ఒకరు, టర్బో పోయిందని ఇంకొకరు చెప్పి వదిలేసిన బండి అది. హెలెన్ సబ్బునురుగు కలుపుకుని, టర్బో నుంచి ఇంజనుకు గాలి తెచ్చే గొట్టాలన్నిటికీ పూసింది. లోపలికి గాలి కొట్టించి బండి కింద వెల్లకిలా పడుకుంది. ఒక గొట్టం అడుగున, చూపు కూడా సరిగా ఆనని చోట, నురుగు బుడగలు కట్టింది. చీలిక అగ్గిపుల్లంత కూడా లేదు. అంతకుముందు, ఇంజను చల్లారేదాకా ఆగలేక చెయ్యి పెట్టినప్పుడు కాలిన మచ్చ ఇప్పటికీ ఆమె ఎడమ మణికట్టు మీద ఉంది. ఎవరైనా అడిగితే చాచి చూపిస్తుంది గాని దాచుకోదు.

ఆ తర్వాత పామూరు బోరుబండి ఆమె చేతిలోనే బాగుపడింది. ముండ్లమూరు నుంచి వరికోత మిషను ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. తండ్రి శ్యాంసన్ పలకల ఫ్యాక్టరీలో కూలి. అలాంటి ఇంట పుట్టి, ఊరి బడిలో పదో తరగతి చదివి, లారీ షెడ్డులో స్పానర్లు కడిగి, చివరికి ‘హెలెన్ టర్బో వర్క్స్’ అని సొంత బోర్డు కట్టించుకున్న ఆడమనిషి మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఇంకెవరున్నారో చెప్పమనండి.

అయితే షెడ్డు ఆమెదే గాని, కింద నేల ఆమెది కాదు. అది ఆ పలకల ఫ్యాక్టరీ నడిపే వ్యాపారి చెన్నకేశవరావుది. పోయిన చలికాలంలో వచ్చిన పేచీ ఆయన కారు గురించే.

ఆయన కొడుకు అభిలాష్ నడిపేది టర్బో ఉన్న పెట్రోలు కారు. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ బైపాస్ వాల్వులో పొర చినిగిపోతే, అభిలాష్ హైదరాబాదు నుంచి ఇత్తడి పిస్టన్ ఉన్న వేరే కంపెనీ వాల్వు తెప్పించాడు. హెలెన్ బిగించింది. ఆ వాల్వు పని చిన్నదే. టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. డ్రైవరు యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే ఇంజనులోకి గాలి వెళ్లే తలుపు మూసుకుంటుంది. దారిలో ఉన్న గాలి ఎటూ పోలేక వెనక్కి వచ్చి టర్బో రెక్కలను కొడుతుంది. ఆ క్షణంలో వాల్వు తెరుచుకుని గాలిని బుస్సుమని పక్కదారిన మళ్లించాలి. మళ్లీ కాలు వేయగానే టక్కున మూసుకోవాలి. తెరుచుకోకపోతే టర్బోకు దెబ్బ. మూసుకోకపోతే బండికి బలం ఉండదు.

ఒక సర్వీసు వరకు కారు గుర్రంలా పోయింది. సర్వీసు అయ్యాక కొన్నాళ్లకు గేరు మార్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత కదలడం మొదలుపెట్టింది. గాలి గొట్టం చీలి ఉంటుందని హెలెన్ అందరి ముందూ చెప్పింది. కొత్త గొట్టం వేసింది. బండి మారలేదు. మరునాడు చెన్నకేశవరావు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లంతా గ్లాసులు పట్టుకుని ఇవతలికి వచ్చి నిలబడ్డారు.

“ఏందమ్మా హెలెనూ, నా బండికి బుస నేర్పినావు, నడక మరిపించినావు,” అన్నాడు ఆయన. “ఆ ఇత్తడి డబ్బా పీకి కంపెనీది వెయ్. బోర్డు మీద టర్బో అనేది చెరిపించు. పంచర్లు వేసుకో, ఎవరొద్దన్నారు?”

నవ్వినవాళ్లు నవ్వారు. ఈ ఒక్క రోజు ఆగమని మాత్రం హెలెన్ అడిగింది. ఆయన సాయంత్రం వస్తానని పోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె మెడికల్ షాపు నుంచి పెద్ద సిరంజి తెచ్చుకుంది. వాల్వు విప్పి, దాని సన్న గొట్టానికి సిరంజి తగిలించి లాగింది. లోపల పిస్టన్ లేచింది. సిరంజి వదిలేసింది. స్ప్రింగు తోస్తే అది వెంటనే దిగాలి. దిగలేదు. సోమరిగా సగం దాకా వచ్చి అక్కడే ఆగింది. మూత తీసి వేలు పెట్టి చూస్తే, వేలికి బూడిదరంగు ముద్ద అంటింది. గ్రీజు, అందులో పలకల పొడి.

ఈ నేల మీద ఎవరైనా చేసే పనే అది. పలకల పొడి పడుతుందంటే ట్రాక్టరు కీళ్లకైనా బండి ఇరుసుకైనా దట్టంగా గ్రీజు పెడతారు, పొడి లోపలికి పోకుండా. హెలెన్ కూడా సర్వీసులో వాల్వు పిస్టనుకు అలాగే పెట్టింది. బయటి కీలుకు కాపలా కాసే గ్రీజు, లోపల తిరిగే పిస్టనుకు జిగురైంది. మరి ఫిల్టరు దాటి పొడి ఎలా వచ్చిందని వెతికితే, ఫిల్టరు పెట్టె మూతకు ఒక క్లిప్పు విరిగి ఉంది. సర్వీసు నాడు అదీ ఆమె కంట పడలేదు.

ఆ ముద్దను గుడ్డతో తుడిచేసి, వాల్వే మంచిది కాదని చెప్పొచ్చు. చూసినవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. అలా చెబితే వాల్వు చెడ్డదవుతుంది, తన పేరు నిలుస్తుంది. హెలెన్‌కు అది గెలుపులా అనిపించలేదు. తుడవకుండా అలాగే ఉంచింది.

సాయంత్రం చెన్నకేశవరావు రాగానే వేలు ఎత్తి చూపించింది.

“పెదనాయనా, ఇది నేను పెట్టిన గ్రీజే. తప్పు నాది. వాల్వుది కాదు.”

“ఒప్పుకున్నావు గదా. ఇంకేంది, బోర్డు చెరుపు.”

“తప్పు ఒప్పుకున్నా. పని రాదని ఒప్పుకోలేదు. రేపు మీరే ముందు సీట్లో కూర్చోండి, గిద్దలూరు ఘాట్ ఎక్కుదాం. బండి ఒక్క మలుపులో ఆగినా నేనే నిచ్చెనేసుకుని చెరుపుతా. ఆగకపోతే ఆ మాట ఇంగెప్పుడూ అనొద్దు.”

పక్కన శ్యాంసన్‌ కంగారుగా కూతురి దగ్గరికి జరిగాడు. జాగా ఆయనదని, సర్దుకుపొమ్మని చెవిలో చెప్పాడు.

“నువ్వు సర్దుకున్నావులే నాయనా, ఆ ఫ్యాక్టరీలో నీ జన్మంతా. నన్ను ఘాట్ ఎక్కనీ,” అంది హెలెన్.

ఆమె పిస్టనును పొడి గుడ్డతో మెరిసేదాకా తుడిచింది. పెట్రోలుతో కడిగితే పిస్టను చుట్టూ ఉండే రబ్బరు రింగు ఉబ్బుతుందని పెట్రోలు ముట్టలేదు. రింగు కొత్తది వేసి, గ్రీజు బదులు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాసింది. ఫిల్టరు మూతకు కొత్త క్లిప్పు పెట్టింది. సిరంజి లాగి వదిలితే పిస్టన్ ఈసారి టక్కుమని దిగింది. ఆ చప్పుడు కోసం మళ్లీ మళ్లీ లాగింది.

మరునాడు దిగువమెట్ట దాటాక ఎక్కుడు మొదలైంది. అభిలాష్ నడుపుతున్నాడు. ముందొక సిమెంటు లారీ. దాని వెనక కాలు తీయడం, గేరు మార్చడం, మళ్లీ తొక్కడం. ప్రతిసారీ చిన్న బుస, వెంటనే లాగుడు. వెనక సీట్లో హెలెన్ ముందుకు వంగి ఆ బుసనే వింటోంది. చెన్నకేశవరావు తలుపు మీది పిడి పట్టుకుని కూర్చున్నాడు. పైకి చేరబోతుండగా, “ఇంగోసారి కాలు తీయరా,” అన్నాడు కొడుకుతో. తీశాడు. వేశాడు. బండి ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు కంభం దాటాక ఆయన మాట్లాడాడు. క్షమాపణేమీ చెప్పలేదు. “బోర్డు రంగు వెలిసింది. కొత్తగా రాయించు,” అన్నాడు. హెలెన్ రాయించింది. ‘టర్బో’ను పాత సైజుకు రెట్టింపు రాయించింది.

అక్కడితో ఊరుకునే మనిషి అయితే ఆమె గురించి రాయాల్సిన పని ఉండేది కాదు. ఒకసారి గ్రీజు తనను మోసం చేసింది, ఇంకేది మోసం చేస్తుందో తెలుసుకుని తీరాలని, టర్బోలూ వాల్వులూ విప్పి కట్టే పని నేర్చుకోవడానికి కోయంబత్తూరు బయలుదేరింది. షెడ్డు తాళం చూసి టీ కొట్టు దగ్గర మళ్లీ ఎవరో, ఘాట్ ఎక్కినావిడ దుకాణం కట్టేసిందన్నారట. ఆ మాట వస్తుందని ఆమెకు ముందే తెలుసు. చెన్నకేశవరావు ఫ్యాక్టరీ నుంచే ఒక పలక అడిగి తెచ్చి, బోర్డు కింద తీగతో కట్టి, బలపంతో తన చేత్తో రాసి పోయింది:

‘పారిపోలేదు. పని నేర్చుకోను పోయినా. నేను వచ్చేదాకా ఎవరూ వాల్వులకు గ్రీజు పెట్టొద్దు. వచ్చేది ఏప్రిల్ ఇరవై రెండు, బుధవారం.’