అల్లాబక్షుకి హిందీ వచ్చిన ఆదివారాలు

వినుకొండ అల్లాబక్షుకి దూది ఏకడం వచ్చు, పరుపు కుట్టడం వచ్చు, కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభల ముందు చిందెయ్యడం కూడా వచ్చు. హిందీ మాత్రం రాదు. దూదేకుల వాళ్లింట్లో తాతల నాటి నుంచీ తెలుగే. నమాజులో చదివే నాలుగు ముక్కలు తప్ప ఆయన నోట మరో భాష పలకదు. ఈ సంగతి చెబితే పల్లెల్లో ఎవరూ నమ్మరు. సాయిబుకి హిందీ రాకపోవడమేంటి, చేపకి ఈత రాకపోవడమేంటి అంటారు.

ఏటా పత్తి తీతలు అయిపోయాక సైకిలుకి దూది ఏకే విల్లు కట్టుకుని బయల్దేరతాడు. ఒక్కో ఊళ్లో కొన్నాళ్లు మకాం వేసి, పాత దిండ్లూ పరుపులూ విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, కొత్తవాటిలా కుట్టి ఇస్తాడు. తొంభై తొమ్మిదిలో అలా వెళ్లి బసవమ్మ ఇంటి పశువుల కొట్టంలో దిగాడు. బసవమ్మ పత్తీ మిరపా వేసే రైతు. ఆమె గొంతు ఈ గట్టున లేస్తే ఆ గట్టున కూలీలు నడుం వంచుతారు. ఆ వీధిలో రంగుల టీవీ ఉన్నది వాళ్లింట్లోనే.

ఆదివారం పొద్దున అందులో పిల్లల బొమ్మల కథ ఒకటి వచ్చేది. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న పిల్లాడు నిద్రపోగానే వాడి దిండు పడవలా పైకి లేచేది. దాని మీద కూర్చుని వాడు వారానికో కల్లోకి వెళ్లొచ్చేవాడు. ఒక వారం నీళ్ల మీద కదిలిపోయే ఊరు, ఇంకో వారం ఏనుగులు గూళ్లు కట్టుకుని గుడ్లు పొదిగే అడవి. కళ్లు తిప్పుకోలేని బొమ్మలే గానీ మాటలన్నీ హిందీ. మంచినీళ్ల కోసం గడప దగ్గరికొచ్చిన అల్లాబక్షుని పిల్లలు పట్టుకున్నారు.

"తాతా, వాడేమంటన్నాడో చెప్పవా? నీకు హిందీ వచ్చుగా!"

రాదని ఒక్క మాట అంటే పోయేది. కానీ అంతమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని తనకేసి చూస్తుంటే ఆయనకి ఆశ పుట్టింది. ఇంటి దగ్గర భార్య ఖుర్షిదా ఆయన మాట చివరిదాకా విన్న రోజు లేదు మరి. గడప మీద చతికిలబడి మొదలుపెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, అల్లాబక్షుకి ఆ పిల్లలు లోకువ కాలేదు. మేఘాల మీద ఆ దిండు తేలుతుంటే ఆయన ఒళ్లు కూడా తేలిక పడింది. తను రోజంతా కూర్చునేది ఇలాంటి తెల్లటి మబ్బుల్లోనేగా, ఇన్నాళ్లూ పైకెందుకు లేవలేదబ్బా అనుకున్నాడు.

కథ మధ్యలో టోపీ పిల్లాడు దిండుని గుండెకి హత్తుకుని ఏదో చాలాసేపు చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడు? అల్లాబక్షుకి తెలిసింది దూది ఒక్కటే. "మన కలలన్నీ దిండు దూదిలో ఉంటయ్యంట. దూది పోతే కల పోయినట్టేనంట," అనేశాడు.

కొరివితో తల గోక్కున్నాడు పాపం. మర్నాటి నుంచి ఊళ్లో ఏ పిల్లా దిండు ఇవ్వలేదు. తల్లులు లాగితే పిల్లలు దిండ్ల మీద బోర్లా పడి ఊరు అదిరేలా ఏడ్చారు. "ఈ ఏటికి వద్దులే సాయిబూ," అని తల్లులే వెనక్కి తగ్గారు. ఆయన వింటి నారి మోగక, సగం పని లేక, కొట్టంలో గేదెల మొహం చూస్తూ కూర్చున్నాడు.

అదొక్కటైతే నవ్వుకుని ఇంకో ఊరు పోయేవాడే.

ఓ మధ్యాహ్నం బసవమ్మ కేక వేసింది. "ఏవయ్యా అల్లాబక్షూ, ఇదుగో, ఈ దిండు విప్పి చుట్టాల పరుపులో కలిపెయ్. పోయినోళ్ల పడక ఇంట్లో ఉంచగూడదంట."

ఆ దిండు ఆమె కూతురు కోటేశ్వరిది. పోయిన వానాకాలంలో పచ్చకామెర్లు వచ్చి చనిపోయింది. అల్లుడు ఏడేళ్ల పిల్ల భవ్యని అమ్మమ్మ దగ్గర దించి, గుంటూరు మిల్లులో పనికి వెళ్లిపోయాడు. భవ్య ఆ దిండుని రెండు చేతులా పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవడం లేదు. "తాతా, నువ్వే చెప్పావుగా," అంది. "దీని మీద పడుకుంటే అమ్మ కల్లోకి వస్తంది. కలిపేస్తే ఎక్కడికి వస్తది?"

అల్లాబక్షు ఆకాశంకేసి చూశాడు. ఇవాళ మబ్బు పట్టింది, దూది చెమ్మగా ఉంది అన్నాడు. బయట మిరపకళ్లంలో కాయలు ఎండి పెళపెళలాడుతున్నాయి. బసవమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి లోపలికి పోయింది.

తను చెప్పింది అబద్ధమంటే పిల్లకి అమ్మ రాక కూడా అబద్ధమవుతుంది. చెప్పకపోతే దిండుతో పాటు అమ్మ పోతుంది. నోటి తీటకి ఇంత శిక్షా అని తనని తానే తిట్టుకున్నాడు. చివరికి బసవమ్మ వాకిట్లో మిరపకాయలు ఏరుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నాకు హిందీ రాదు. అదంతా నేను కల్పించిందే."

"నాకు తెలుసులే. ఇక్కడికే వచ్చేవాడుగా నీ అయ్య, ఆయనకీ రాదు." ఆమె తలెత్తలేదు.

"మరి తెలిసి కూడా ఆ దిండు మీద నీకెందుకంత పంతం? పసిది, ఉంచుకోనియ్యి."

బసవమ్మ చేతిలో కాయ చిట్లి గింజలు రాలాయి. "పొద్దున లేవడం లేవడం అమ్మొచ్చిందంటది. నీళ్లు పోసిందంటది, జడేసిందంటది. నా కడుపున పుట్టిన బిడ్డయ్యా అది! నా కల్లోకి ఒక్కసారన్నా రాలా. పిల్ల చెబుతుంటే నాకు ఒళ్లు మండుద్ది. మనవరాలి మీద అసూయపడే ముసలిదాన్ని ఎక్కడన్నా చూశావా?"

ఆమె కొంగుతో కళ్లు వత్తుకుంది. చేతికున్న మిరప ఘాటు కొంగుకి అంటిందేమో, కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి. అల్లాబక్షుకి దుఃఖం ఆగలేదు. అక్కడే, ఆమె ఎదుటే ఏడ్చాడు.

తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే గడప మీద కూర్చున్నాడు. ఆ వారం టోపీ పిల్లాడు దారి తప్పి ఒక మంచుకొండ మీద తిరుగుతున్నాడు. తెల్లటి గడ్డం తాత ఒకడు కనిపించి ఏదో చెప్పాడు.

"ఆ తాతేమంటన్నాడు?" అంది భవ్య.

అల్లాబక్షు గొంతు సవరించుకున్నాడు. "ఏందబ్బాయ్, నీ దిండు అణిగిపోయిందే, కల ఇరుకైపోలా అంటన్నాడు. కల్లో ఉన్నోళ్లకి గాలాడొద్దా? ఏకితే కల పోదు, పెరుగుద్ది. పిడికెడు దూది బుట్టెడైతది చూసుకో, అంటన్నాడు."

పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. భవ్య మాత్రం టీవీకేసే చూస్తూ ఉండిపోయింది.

భోజనాల వేళయ్యాక దిండు పట్టుకుని కొట్టంలోకి తనే వచ్చింది. "అమ్మకి గాలాడాలి," అంది.

అల్లాబక్షు కుట్లు విప్పాడు. దూది అట్టలు కట్టి ఉంది. విల్లు కదిలింది, నారి మోగింది. అట్ట విడిపోయి నురుగైంది, నురుగు పొంగి చాప నిండింది. పెంకు సందుల్లోంచి పడే ఎండలో నూగు లేచి, ఎటూ పోవాలని లేనట్టు అక్కడక్కడే తిరిగింది. గేదెల వీపుల మీదా భవ్య రెప్పల మీదా వాలింది. ఎప్పుడొచ్చిందో బసవమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

పాత గలీబు నింపాడు. చాప మీద ఇంకా అంత దూది మిగిలింది.

"ఇందులో పట్టట్లేదమ్మాయ్. ఏం చేద్దాం?"

భవ్య దూదిని చూసింది, అమ్మమ్మని చూసింది. అంతటి మనిషి చెయ్యి చాచలేక కొంగు నలుపుకుంటోంది. పిల్ల రెండు చేతులా దూది ఎత్తుకుని వెళ్లి ఆమె కొంగులో పోసింది.

"అమ్మమ్మా, ఇది నీకు. కనపడంగానే కేకలెయ్యబాకు, మెలకువొస్తది. ఊరికే వెనకాల నడువు."

"అట్నే తల్లీ." బసవమ్మ గొంతు ఆమెకే వినపడనంత చిన్నదైంది. "తిట్టేదాన్నిగా దాన్ని... నా దగ్గరికి వస్తదంటావా?"

"వస్తది. నీకంటే ముందు నేను నిద్రపోతాగా, చెప్తాలే."