తాడు పట్టని మూడో పొత్తుదారు

నా చిన్నప్పుడు మా కంచలో ఏం జరిగిందో చెబుతానంటే ఇన్నేళ్లుగా విన్నవాళ్లు లేరు. మాట ఎత్తుకోగానే "రా పటేలా, చాయ్ తాగుదాం" అంటారు. నేను చాయ్ కోసం నోరు తెరవలేదు. జింకలను చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కూడా నా ఫోటో తీసుకున్నారు గాని నా మాట తీసుకోలేదు. వాళ్ల ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

మాది బోధన్ దగ్గర పల్లె. మేం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తల్లో కాలువ నీళ్లు పారిన చోటల్లా చెరుకే కనిపించేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో రోడ్డంతా చెరుకు బండ్లు, వాటి వెనక గడ లాక్కోవడానికి పరుగెత్తే పిల్లలం మేం. ఆ చెరుకు మధ్య ఎవరూ దున్నని నేల ఒక్కటి మిగిలింది. రేగు పొదలు, తంగేడు, మోకాలెత్తు గడ్డి. చుట్టూ ఏ కంచే లేకపోయినా దాన్ని కంచ అనేవాళ్లం. బండెద్దుల మేత కోసం మా తాతయ్య, బోధన్‌లో ఇనుప సామాను దుకాణం నడిపే ఒక సాయిబు కలిసి కొన్నది అది. ఆ ఇద్దరూ పోయాక మా ఇంటికీ, సాయిబు కొడుక్కీ పొత్తుల భూమిగా మిగిలింది. ఆ కొడుకును మేం చాచా అని పిలిచేవాళ్లం. పగలు ఎద్దులు మేసేవి, పొద్దుగూకే వేళ జింకలు వచ్చేవి. తల్లి జింక తన పిల్లను దాచుకోవడానికి ఆ చుట్టుపక్కల మిగిలిన గడ్డి అదొక్కటే.

మా నాన్న తమ్ముడు చిన్నబాపుకు ఆ గడ్డి కంట్లో నలుసైంది. కాలువ పక్క నేలను పడావు పెట్టడం ఆయన దృష్టిలో పాపం. "జింకలు పంట తెస్తయా, పన్ను కడతయా?" అని రోజూ లొల్లి. చాచాతో పంచుకుందాం, మన వాటాలో చెరుకు వేద్దామన్నాడు. మా బాపు తమ్ముడికి ఎదురు చెప్పే మనిషి కాదు. చాచాకు కబురు పంపితే ఆయనా సరేనన్నాడు. సగం దున్నితే మిగతా సగంలో జింక నిలవదని మా అవ్వకు, అంటే మా బాపు తల్లికి, బాగా తెలుసు. కానీ ఆమెను ఎవరూ అడగలేదు. ఆ అవమానం ఆమె మరిచిపోలేదు. నాకు ఆమె పోలికే వచ్చిందంటారు.

మా వైపు పొత్తు విడిపోవడానికి ఒక పద్ధతి ఉండేది. కొలిచే తాడును పొత్తుదార్లందరూ వచ్చి పట్టుకోవాలి. ఒక్కరు పట్టకపోయినా పంపకం చెల్లదు. ఎంతటివాడైనా దాన్ని దాటేవాడు కాదు.

పంపకం రోజు పొద్దు కాస్త వాలాక ఊరి పెద్దలు కంచకు వచ్చారు. మా ఇంటి తరఫున చిన్నబాపు తాడు ఒక కొస పట్టుకున్నాడు. చాచా రెండో కొస అందుకోబోతుంటే, గట్టు మీద కూర్చున్న అవ్వ లేవకుండానే అంది.

"ఆగు సాయిబూ. మూడో పొత్తోడు రాలే."

"మూడో పొత్తోడెవడే అవ్వా? బాపు ఇంకో పెండ్లి గిట్ల జేసుకున్నడా?" అన్నాడు చిన్నబాపు. అందరూ నవ్వారు.

"మీ బాపుకు నా ఒక్కదానితోనే ఏగుడు కాలే," అంది అవ్వ. "గా జింకను సెప్తున్న. నువ్వు పుట్టకముందు సంది ఈడ మేస్తున్నడు, ఈడ్నే పిల్లల్ని సాదుతున్నడు. ఆయనకు వాటా లేదా? రానీ. వచ్చి తాడు పడితే నేనే నాగలి కట్టిస్త."

చిన్నబాపు మొండివాడు. "రానీ, నేను ఈడ్నే కూసుంట" అని తాడు నేల మీద పరిచి చతికిలపడ్డాడు. పెద్దలు బీడీలు ముట్టించుకున్నారు. ఇంటికి పోదామని ఎవరికీ అనిపించలేదు. పొద్దుగూకే వేళకు మెలికల కొమ్ముల నల్ల జింక ఒకటి పొదల్లోంచి బయటికి వచ్చింది. వెనకాల ఆడవి, వాటి మధ్య ఒక పిల్ల. మగది తలెత్తి మా వైపు చూస్తూ నాలుగడుగులు వేసింది. చిన్నబాపు చేయి తనకు తెలియకుండానే తాడు కొస ఎత్తింది. గడ్డిలో తాడు పాములా కదిలింది. అంతే, మంద మొత్తం ఎగిరి పొదల్లో పడింది.

"సూసినవా?" అంది అవ్వ. "తాడు సూసి పాయె. ఒప్పుకుంటలేడు."

పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు. చాచా మాత్రం నవ్వలేదు. "చెరుకు నాకు గూడ తీపేనమ్మా," అన్నాడు. "గని వాటా ఉన్న హిస్సేదార్ ఒకడు వద్దంటుంటె నేను తాడెట్ల పడుత?" తర్వాత చిన్నబాపు భుజం మీద చేయి వేసి, "ఛోడో భాయ్, ఇడిసిపెట్టు" అన్నాడు.

చెరుకు నరికే కాలం దాకా చిన్నబాపు అవ్వతో మాట్లాడలేదు. కానీ పద్ధతి దాటలేదు. జింకలు ఈనే రోజుల్లో మా ఎద్దులను కొట్టంలోనే కట్టేసేవాళ్లం. పిల్లలు పరుగు నేర్చాకే గడ్డి కోసేవాళ్లం. తుపాకులతో జీపుల్లో వేటకు వచ్చేవాళ్లను ఆపడం చాచా వంతు. దారికి అడ్డంగా సైకిల్ పడేసి నిలబడేవాడు. కొన్నాళ్లకు చిన్నబాపు కూడా ఆయన పక్కన నిలబడ్డాడు. జింకల మీద ప్రేమ పుట్టిందని చెప్పను. తన భూమిలోకి అడగకుండా వచ్చారని ఆయన కోపం. నాకు ఆ కోపం నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

ఆ రోజు నాకు అబ్బింది జాలి అని కొందరు అనుకుంటారు. జాలి పడేవాడు ఇష్టమైతే ఇస్తాడు, లేకపోతే మానేస్తాడు. నోరు లేనివాడి వాటా మనం ఇచ్చేది కాదు, వాడిదే. అదే నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

ఇప్పుడు సర్కారువాళ్లు మ్యాపులో మా కంచ మధ్యగా రోడ్డు గీశారు. పనికిరాని భూమి అని రాసుకున్నారట. రోడ్డు కోసం పెట్టిన సభలో లేచి అడిగితే "కూర్చో పెద్దాయనా" అన్నారు. నేను కూర్చోను. మా ఇంటి తరఫున నేను తాడు పట్టలేదు. చాచా మనుమలు తామూ పట్టలేదని నా ఎదుటే చెప్పారు. మరి ఈ పొత్తును ఎవరు విడగొట్టారు? మూడోవాడు ఒప్పుకుంటే మీలో ఎవరు చూశారు? ఆ చూసినవాడెవరో మా కంచకు వచ్చి, నా ముఖం చూసి జవాబు చెప్పాలి.