రంపం తినే చెక్క

నా కొడుకు పోయిన కబురు నా కొడుకు ఫోనుకే వచ్చింది. ఛార్జింగు లేదని ఆ పొద్దు ఇంట్లో పెట్టిపోయినాడు, మిల్లులో కూడా ఆ మాట చెప్పినాడంట. కుట్టుమిషను పక్కన మోగితే నేనే ఎత్తినా. వాడు పనిచేసే కలప మిల్లు ఓనరు మాట్లాడినాడు. పిల్లోడికి దెబ్బ తగిలింది, ఆస్పత్రికి రా అక్కా అన్నాడు. నేను పోయేలోగానే అయిపోయింది. కోస్తా ఉన్న చెక్క వెనక్కి తన్ని గుండెల మీద కొట్టిందంట.

మట్టి చేసి వచ్చినాక ఓనరు అందరికీ ఏం చెప్పినాడంటే, పిల్లోడు ఫోను చూస్తా రంపం దగ్గర ఏమరుపాటుగా ఉన్నాడని. ఏ ఫోను? ఆయన నాకు చేసిన ఫోనేగదా అది.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి. నా బిడ్డ పేరు మీద ఆ అబద్ధం మిగలకూడదని రాస్తా ఉన్నా.

వాడు ఇంటికొస్తే చెవుల్లో కూడా రంపపు పొట్టే. పెన్సిలు చెవి మీద పెట్టుకొని ఇల్లంతా వెతికేవాడు. చెక్క ముక్క వాసన చూసి ఇది టేకు, ఇది వేప అని చెప్పేవాడు. "చెక్క గుడ్డ కాదమ్మా, పొట్టిదైతే అతుకేసేదానికి" అనేవాడు. అందుకే మిల్లులో ఉండే పాత కంప్యూటరులో ఎక్సెల్ షీటు కట్టినాడు. చేతికొచ్చిన దూలం పొడుగు ఒక గడిలో, కావాల్సిన ముక్కల కొలతలు ఇంకో వరసలో. ఏ దూలంలో ఏవి కోస్తే తక్కువ వృథా అవుతుందో అది చూపిస్తాది. "ముందు గళ్ళలో కోస్తా, తర్వాతే రంపంతో" అని చెప్పుకొనేవాడు.

మొదటి రోజే తప్పింది. కిటికీ పట్టీలు పది కోస్తే పదోది పొట్టిగా వచ్చింది. మొహం మాడ్చుకొని వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు, ముట్టలా. లెక్క అంతా సరిగ్గానే ఉందమ్మా అంటాడు. నేను జాకెట్టు కత్తిరిస్తా ఉన్నా. "కుట్టుకు గుడ్డ వదలకుండా కత్తిరిస్తే జాకెట్టు ఒంటికి పడుతుందా అబ్బయ్యా? నీ రంపం ఏమీ తినదా?" అన్నా. నా మొహం చూసి, పళ్ళెం పక్కకు నెట్టి, మిల్లుకు పరిగెత్తినాడు.

షీటులో కింద మూలన ఒక గడి పెట్టినాడంట, రంపం మందం రాసేదానికి. ఒక్కో కోతకు అంత చెక్క పొట్టు అయిపోయినట్టు లెక్క. రంపం మారిస్తే ఆ అంకె మార్చాలని నాకు చెప్పినాడు. ఆ తర్వాత మిల్లులో తుక్కు తగ్గిపోయింది. ఆ తుక్కుతోనే పొయ్యి రాజేసే ఎదురు టీకొట్టు ఆమె, నా పొయ్యి ఆర్పినావు గదరా సచ్చినోడా అని తిట్టి, టీ మాత్రం పోసేది. ఓనరు ఆ షీటు తనదే అన్నట్టు వచ్చిన వాళ్ళందరికీ చూపించుకొనేవాడు.

ఆ ఓనరే రంపం వెనకాల ఇనప రెక్క పీకేయించినాడు. చెక్క వెనక్కి తన్నకుండా పట్టేది అదే. అది ఉంటే పని నిదానమంట. మళ్ళీ బిగించమని నా కొడుకు మూడు మార్లు అడిగినాడు. మూడు మార్లూ ఇంటికొచ్చి నాకు చెప్పినాడు.

నలభై రోజుల ఫాతెహా అయినాక ఓనరు వచ్చినాడు. గడప బయటే నిలబడి, కొత్త రంపం వేసినాం అక్కా, కంప్యూటరు చెప్పినట్టే కోస్తా ఉన్నాం, అయినా చివరి ముక్క పొట్టిగానే వస్తా ఉంది, టేకంతా పాడైపోతా ఉంది, నీ కొడుకు ఏమన్నా చెప్పినాడా అని అడిగినాడు.

"చెప్పినాడు," అన్నా. "శుక్రవారం నమాజు అయినాక మసీదు ముందర నిలబడి, ఆ రెక్క నేనే పీకించినానని నువ్వు చెప్పు. ఆ తర్వాత నేను చెప్తా."

"జరిగిపోయింది గదక్కా."

"నీకు జరిగిపోయింది."

శుక్రవారాలు రెండు పోయినాయి. ఆయన నోరు తెరవలా. క్షమించమని, పెద్ద మనసు చేసుకోమని జనం వచ్చి చెప్పిపోతా ఉన్నారు. నాకంత పెద్ద మనసు లేదు. ఆ మిల్లులో పొట్టి ముక్క పడిన ప్రతిసారీ నాకు ఇంత అన్నం దిగుతా ఉంది. చెడ్డదాన్ని అనుకుంటే అనుకోండి.

మరి గడి సంగతి ఇక్కడ రాసేసినావే, ఆయన చదివితే తెలిసిపోదా అంటారు. తెలియనీండి. దీన్ని అచ్చు వేయించి మా ఇందుకూరుపేటలో కొట్టు కొట్టుకూ ఇస్తా. ఆ గడి కావాలంటే ఆయన ఇది మొదటి నించి చదవాలి. ఆయన చేతికి వచ్చేలోగా ఊరంతా చదివేసి ఉంటాది.

ఈ నాలుగు మాటలు అచ్చాఫీసులో కూర్చొని కలుపుతా ఉన్నా. ఈ పొద్దున దీన్ని ఇచ్చేదానికి వస్తా మిల్లు ముందర నించే నడిచినా. ఓనరు గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేచినాడు. నేను ఆగలా. మలుపు దాకా పోయి వెనక్కి తిరిగి చూసినా. సముద్రం గాలికి లోపలి నించి పొట్టు ఎగిరొచ్చి ఆయన తల మీద, భుజాల మీద పడతా ఉంది. దులుపుకోకుండా అట్టనే నిలబడి ఉన్నాడు.